40 సైజు నైట్రో ట్రైనర్‌ను ఎలక్ట్రిక్ చేయాలి, నెమ్మదిగా ఎగిరే విమానానికి ఎంత మోటార్ సరిపోతుంది?

సైనిక్‌పురి_శ్రీను

అందరికీ నమస్తే. మా మేనమామ బాల్సా చెక్కతో కట్టిన రిమోట్ కంట్రోల్ ట్రైనర్ (ఎగరేయడం నేర్చుకునే మోడల్ విమానం) ఇప్పుడు నా దగ్గరికి వచ్చింది. హై వింగ్, 40 సైజు (అంటే 0.40 క్యూబిక్ అంగుళాల ఇంజన్ పట్టేది), రెక్క ఈ చివర నుంచి ఆ చివరకు 1.75 మీటర్లు, వెడల్పు 33 సెంటీమీటర్లు, మూడు చక్రాలు. ఆయన నైట్రో ఇంజన్‌తో ఎగరేసేవారు, ఎంత నెమ్మదిగా వెళ్లేదంటే కింద మనం పరిగెత్తి అందుకోవచ్చేమో అనిపించేది. ఇంధనం లేకుండా తూకం వేస్తే 2.5 కిలోలు వచ్చింది.

దీన్ని ఎలక్ట్రిక్‌కు మార్చాలి. నైట్రో ఇంధనం దొరకడం కష్టం, ఎగరేసిన ప్రతిసారీ ఆముదం జిడ్డు తుడవాలి, చప్పుడుకు చుట్టుపక్కల వాళ్లు ఊరుకోరు. షాపులో అడిగితే "40 ఇంజన్‌కు సమానం" అని ఒక పెద్ద మోటార్ చూపించారు, 5ఎస్ బ్యాటరీ (ఐదు సెల్స్ వరుసగా ఉన్నది), 60 ఆంప్స్ ఈఎస్‌సీ (మోటార్ వేగాన్ని అదుపు చేసే పరికరం) కావాలన్నారు. ఖర్చు సంగతి పక్కన పెడితే నాకు కావాల్సింది ఒక్కటే, ఆ నెమ్మది పోకూడదు. దీనికి నిజంగా అంత మోటార్ కావాలా?

టర్బో_తేజ

అన్నా, లెక్క సింపుల్. 40 ఇంజన్ అంటే సుమారు 1 హార్స్‌పవర్, అంటే 746 వాట్లు. కాబట్టి 750 నుంచి 800 వాట్ల మోటార్ పెట్టు, 5ఎస్ పెట్టు. పవర్ ఎక్కువైతే థ్రాటిల్ తగ్గించుకోవచ్చు, తక్కువైతే గాల్లో ఏం చేస్తావు? షాపువాళ్లు చెప్పింది కరెక్టే.

బాల్సా_బాబాయ్

తేజా, ఆ 1 హార్స్‌పవర్ డబ్బా మీద రాసే అంకె. నిమిషానికి 15, 16 వేల చుట్లు తిరిగినప్పుడు ఇంజన్ ఇచ్చే గరిష్ఠం అది. ట్రైనర్ మీద 10x6 ప్రొపెల్లర్ (10 అంగుళాల వ్యాసం, 6 అంగుళాల పిచ్, అంటే ఒక చుట్టుకు ముందుకు జరగాల్సిన దూరం) పెట్టి తిప్పితే ఆ ఇంజన్ 11,500 చుట్ల దగ్గర ఆగుతుంది, అక్కడ ప్రొపెల్లర్ తీసుకునేది 400 వాట్లు, అంతే. అది కూడా ఫుల్ థ్రాటిల్‌లో. ట్రైనర్‌ను ఎవరైనా ఫుల్ థ్రాటిల్‌లో ఎంతసేపు ఎగరేస్తారు?

శ్రీనూ, ఇంజన్‌ను మరిచిపోయి విమానాన్ని చూడు. రెక్క వైశాల్యం 58 చదరపు డెసీమీటర్లు, బరువు రెండున్నర కిలోలంటే చదరపు డెసీమీటరుకు 43 గ్రాములు. ఇది చాలా తేలిక. ఈ బరువుకు స్టాల్ వేగం (అంతకంటే తగ్గితే రెక్క విమానాన్ని మోయలేదు) గంటకు 28, 29 కిలోమీటర్ల దగ్గర ఉంటుంది. ప్రొపెల్లర్ పిచ్ వేగం దానికి రెండున్నర రెట్లు ఉంటే హాయిగా ఎగురుతుంది, అంటే 70 చాలు. పిచ్ వేగం తెలుసుకోవాలంటే నిమిషానికి చుట్లను అంగుళాల్లో ఉన్న పిచ్‌తో గుణించి 656తో భాగించు, గంటకు కిలోమీటర్లు వస్తాయి. పాత ఇంజన్ మీద 10x6 ఎంత ఇచ్చేదో చూడు: 11,500 ఇంటూ 6 బై 656, అంటే 105. యాభైలో తిరిగే విమానానికి 105 వేగపు గాలి తోస్తున్నాం. చిన్న ఇంజన్‌కు వేరే దారి లేదు, అది వేగంగా తిరిగితే తప్ప బలం రాదు, అందుకే చిన్న ప్రొపెల్లర్. ఎలక్ట్రిక్ మోటార్‌కు ఆ బంధనం లేదు.

12x6 ప్రొపెల్లర్‌ను 7,500 చుట్లలో తిప్పు. పిచ్ వేగం 68 వస్తుంది. లాగుడు కిలోన్నర ఉంటుంది, పాత ఇంజన్ ఇచ్చినదానికి దాదాపు దగ్గరే. కానీ షాఫ్ట్ మీద తీసుకునేది 250 వాట్లే. ఎక్కువ గాలిని నెమ్మదిగా నెడితే తక్కువ శక్తితో అదే లాగుడు వస్తుంది, మొత్తం రహస్యం ఇదే. బ్యాటరీ నుంచి 320 వాట్లు వేసుకో. కిలోకు 110 నుంచి 150 వాట్లు అనేది ట్రైనర్లకు చాలాకాలంగా నడుస్తున్న లెక్క, దానికీ సరిపోయింది.

పెద్ద మోటార్ పెట్టి థ్రాటిల్ తగ్గించుకుంటాననేది వినడానికి బాగుంటుంది. కానీ ఆ మోటార్ బరువు, ఆ బ్యాటరీ బరువు థ్రాటిల్ తగ్గిస్తే తగ్గవు. నెమ్మదిగా ఎగిరే విమానాన్ని చంపేది బరువే. 500 గ్రాములు పెరిగితే స్టాల్ వేగం పెరుగుతుంది, ల్యాండింగ్ వేగం పెరుగుతుంది, నువ్వు ఏ గుణం కోసం దీన్ని ఉంచుకోవాలనుకుంటున్నావో అదే పోతుంది.

వాట్‌మీటర్_వాణి

బాబాయ్ గారి లెక్కకు మోటార్ వైపు నుంచి కలుపుతున్నాను. 4ఎస్ బ్యాటరీ లోడ్‌లో 14 వోల్టులు ఉంటుంది. 7,500 చుట్లు కావాలి, లోడ్‌లో మోటార్ ఖాళీ వేగంలో నాలుగింట మూడొంతులకు కొంచెం పైన తిరుగుతుంది, కాబట్టి కేవీ (ఒక్కో వోల్టుకు మోటార్ ఖాళీగా తిరిగే చుట్లు) 700 దగ్గర ఉండాలి. బయటి డబ్బా తిరిగే అవుట్‌రన్నర్ రకం, బరువు 180 నుంచి 200 గ్రాములు. షాపులో మోటార్ నంబర్లతో జాగ్రత్త శ్రీను గారూ, కొన్ని కంపెనీలు లోపలి స్టేటర్ కొలత రాస్తాయి, కొన్ని బయటి డబ్బా కొలత రాస్తాయి, అందుకని 2820 అన్నదీ 3548 అన్నదీ ఇంచుమించు ఒకే మోటార్ కావచ్చు. నంబరు చూసి కాదు, బరువు, కేవీ చూసి కొనండి.

320 వాట్లు బై 14 వోల్టులు, 23 ఆంప్స్. 40 ఆంప్స్ ఈఎస్‌సీ బోలెడు. కానీ దానిలోని బీఈసీ (రిసీవర్‌కు, సర్వోలకు కరెంటు ఇచ్చే భాగం) ఏ రకమో తప్పకుండా చూడండి. లీనియర్ అయితే 4ఎస్ మీద వద్దు. పూర్తి చార్జ్‌లో 16.8 వోల్టుల నుంచి 5కు దించాలి, సర్వోలు (రెక్క, తోక పలకలను కదిపే చిన్న మోటార్లు) 1 ఆంప్ లాగితే దాదాపు 12 వాట్లు ఊరికే వేడిగా మారతాయి. స్టాండర్డ్ సైజు సర్వోలు మూడు నాలుగు ఒకేసారి కదిలితే అది వేడెక్కి ఆగిపోవచ్చు, బీఈసీ ఆగితే రిసీవర్ ఆగుతుంది, ఇక విమానం ఎవరి మాటా వినదు. స్విచింగ్ బీఈసీ ఉన్న ఈఎస్‌సీ తీసుకోండి, కనీసం 3 ఆంప్స్, 5 అయితే ఇంకా మంచిది.

టర్బో_తేజ

లెక్క అర్థమైంది, 746 అంకె గురించి మీరన్నది ఒప్పుకుంటున్నా. కానీ ఒక ప్రశ్న బాబాయ్. మన దగ్గర జూన్, జూలైలో పడమర గాలి ఎలా కొడుతుందో తెలుసు కదా, ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్) బయట ఖాళీ జాగాల్లో అయితే ఇంకా ఎక్కువ. 68 పిచ్ వేగంతో ఆ గాలికి ఎదురు వెళ్తుందా?

బాల్సా_బాబాయ్

20 కిలోమీటర్ల గాలి వరకు వెళ్తుంది. విమానం అసలు వేగం పిచ్ వేగం కంటే కొంత తక్కువే ఉంటుంది, 55 అనుకో, ఎదురుగాలి 20 పోతే నేల మీద 35తో ముందుకు కదులుతుంది. అంతకు మించిన గాలిలో ఈ విమానాన్ని ఎగరేయకూడదు, మోటార్ ఎంత పెద్దదైనా సరే. పెద్ద రెక్క, ఎక్కువ డైహెడ్రల్ (రెక్క చివరలు పైకి లేచిన కోణం), తక్కువ బరువు. పక్కగాలికి ల్యాండింగ్‌లో రెక్క లేస్తుంది, ఆ సమస్యను వాట్లు తీర్చవు. ఆ రెండు నెలలు తెల్లవారుజామున ఎగరెయ్యి, లేదా ఫోమ్ విమానం ఎగరెయ్యి.

సైనిక్‌పురి_శ్రీను

అందరికీ చాలా థాంక్స్. నిన్న రాత్రి అన్నీ విప్పి తూకం వేశాను. తీసేసినవి: ఇంజన్, మఫ్లర్ కలిపి 370 గ్రాములు, మౌంట్ 40, ట్యాంకు, గొట్టాలు 60, థ్రాటిల్ సర్వో దాని కడ్డీ 50, రిసీవర్ పాత బ్యాటరీ 110. మొత్తం 630. పెట్టాల్సినవి: మోటార్ 190, దాన్ని బిగించే సరంజామా 60 అనుకుంటున్నా, ఈఎస్‌సీ 50, 4ఎస్ 4000 ఎంఏహెచ్ బ్యాటరీ 420, అడాప్టర్ వగైరా 25. మొత్తం 745. అంటే 115 గ్రాములు పెరిగి 2.6 కిలోలు అవుతుంది. కానీ నైట్రోకు ట్యాంకు నింపితే 300 మిల్లీలీటర్లు, సుమారు 250 గ్రాములు ఎక్కేది కదా, కాబట్టి టేకాఫ్ బరువు నిజానికి తగ్గినట్టే. చూసి చాలా సంతోషమేసింది.

ఇప్పుడు రెండు డౌట్లు. ఫైర్‌వాల్ (ముక్కులో ఇంజన్ బిగించే ప్లైవుడ్ పలక) అంతా నూనె పీల్చి నల్లగా ఉంది, దాని మీద మోటార్ ఎలా బిగించాలి? పాత ఇంజన్‌కు ఫైర్‌వాల్ నుంచి ప్రొపెల్లర్ వరకు 108 మిల్లీమీటర్లు ఉండేది, ఈ మోటార్ 60 కూడా లేదు.

రాణిగంజ్_రఫీ

శ్రీను భాయ్, నూనె తాగిన ప్లైవుడ్ మీద ఎపాక్సీ నమ్మొద్దు. పైన గట్టిగా పట్టినట్టే ఉంటుంది, లోపల ఒక పొర కింద నూనె ఉంటుంది, కొన్నాళ్లకు వైబ్రేషన్‌కు పొరతో సహా ఊడి వస్తుంది. ముందు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో తుడువు, ఆరాక కార్న్‌ఫ్లోర్ మందంగా పూసి ఒక రాత్రి వదిలెయ్, పొడి నూనెను లాగుతుంది, పసుపు రంగుకు మారుతుంది. దులిపి మళ్లీ పూయి. పొడి తెల్లగానే ఉండేదాకా చెయ్యాలి, తొందరపడకు. అయినా సరే మోటార్ బరువును జిగురు మీద వదలకు, బోల్టులతోనే పట్టించు.

పాత ఇంజన్ మౌంట్‌కు ఫైర్‌వాల్ వెనక బ్లైండ్ నట్లు (చెక్కలో దిగి కూర్చునే నట్లు) ఉంటాయి. మోటార్‌తో వచ్చే ఎక్స్ ఆకారం ప్లేటు రంధ్రాలు వాటికి కలవవు సాధారణంగా. కాబట్టి 6 మిల్లీమీటర్ల మంచి ప్లైవుడ్ పలక ఒకటి కోసి, దానికి వెనక వైపు ఎం4 బ్లైండ్ నట్లు కొట్టి మోటార్‌ను దానికి బిగించు. ఆ పలకను పాత రంధ్రాల్లోంచి పొడవు బోల్టులు, అల్యూమినియం స్పేసర్లతో ముందుకు నిలబెట్టు. రాణిగంజ్‌లో 10 మిల్లీమీటర్ల అల్యూమినియం రాడ్ కొలతకు కోసి మధ్యలో రంధ్రం వేసి ఇస్తారు, నాలుగూ ఒకే పొడవు ఉండాలని గట్టిగా చెప్పు. ప్రతి బోల్టుకూ థ్రెడ్ లాకర్, లోపల నైలాక్ నట్టు.

ముఖ్యమైనది ఇంకోటి. ఫైర్‌వాల్ నిటారుగా లేదు చూడు, కొంచెం కిందికీ కొంచెం కుడికీ వాలి ఉంటుంది. అది కట్టినవాళ్లు కావాలని పెట్టిన కోణం. స్పేసర్లు సమానంగా ఉంటే ఆ కోణం అలాగే మోటార్‌కు వస్తుంది. నిటారుగా ఉంటే బాగుంటుందని సరిచెయ్యకు.

సైనిక్‌పురి_శ్రీను

రఫీ భాయ్, అద్భుతం. పౌడర్ ఇప్పుడే పూశాను, పది నిమిషాలకే మచ్చలు వస్తున్నాయి. బ్యాటరీ ఎక్కడ పెట్టాలి, మూత ఎక్కడ కోయాలి?

బాల్సా_బాబాయ్

ట్యాంకు ఉన్న చోటే. ముక్కులో 370 గ్రాములు పోయి 190 వచ్చింది, రిసీవర్ బ్యాటరీ కూడా పోయింది, ఆ లోటంతా 420 గ్రాముల బ్యాటరీయే పూడ్చాలి. బరువు కేంద్రం రెక్క ముందు అంచు నుంచి 95 నుంచి 100 మిల్లీమీటర్ల మధ్య పెట్టుకో, రెక్క వెడల్పులో 30 శాతం దగ్గర ఉంటుంది. సీసం ముక్కలు పెట్టే అవసరం రాకూడదు. వస్తే బ్యాటరీని ఇంకా ముందుకు జరపడానికి జాగా చూడు, రిసీవర్, సర్వోలు ఉన్నచోటే ఉంచి.

మూత పైన కొయ్యి, ఫైర్‌వాల్ వెనక నుంచి రెక్క ముందున్న ఫార్మర్ (బాడీ లోపలి అడ్డ పలక) వరకు. మూత లేకుండా రెక్క తీసి బ్యాటరీ పెట్టేవాళ్లున్నారు, ప్రతిసారీ రబ్బర్ బ్యాండ్లు విప్పడం విసుగు, ఆ విసుగులోనే ఏదో ఒక వైరు నలుగుతుంది. అయితే పైన బాల్సా కోసేస్తే ముక్కు బలం కొంత పోతుంది, కాబట్టి కోసిన అంచుల కింద రెండు వైపులా 6 మిల్లీమీటర్ల స్ప్రూస్ కర్రలు ఫైర్‌వాల్ నుంచి ఫార్మర్ దాకా అతికించు. ఫార్మర్‌ను మాత్రం ముట్టుకోకు, ల్యాండింగ్ దెబ్బ అంతా దాని మీదకే వస్తుంది. మూతకు ముందు ప్లైవుడ్ నాలుక, వెనక రెండు అయస్కాంతాలు చాలు. బ్యాటరీ కింద అడుగున వెల్‌క్రో, పైన చుట్టూ పట్టీ, రెండూ ఉండాలి.

గాలి. ఇంజన్ బయట ఉండేది, చల్లబడేది. ఇప్పుడు ఈఎస్‌సీ, బ్యాటరీ పెట్టెలో ఉన్నాయి. ఫైర్‌వాల్ పాత ట్యాంకు గొట్టాల రంధ్రాన్ని పెద్దది చేస్తే ముందు నుంచి గాలి వస్తుంది, బయటికి పోయే దారి దానికి రెండింతలు ఉండాలి, రెక్క వెనక బొడ్డు కింద కవరింగ్ కోసి వదిలెయ్యి. లోపలికి పెద్ద రంధ్రం, బయటికి చిన్నది పెడితే గాలి కదలదు.

12 అంగుళాల ప్రొపెల్లర్ పాతదానికంటే ఒక అంగుళం కిందికి వస్తుంది. ముక్కు చక్రం తీగ వంగినప్పుడు కూడా నేలకు రెండు వేళ్ల ఎడం ఉందా చూసుకో, లేకపోతే పెద్ద చక్రం వెయ్యి.

వాట్‌మీటర్_వాణి

మోటార్ మొదటిసారి తిప్పేటప్పుడు ప్రొపెల్లర్ తీసేసి ఉండాలి. నైట్రో నుంచి వచ్చేవాళ్లకు ఇది మళ్లీ మళ్లీ చెప్పాలి, ఎందుకంటే ఇంజన్‌ను మనం తిప్పితేనే తిరుగుతుంది, మోటార్ బ్యాటరీ తగిలించిన క్షణం నుంచి సిద్ధంగా ఉంటుంది. ప్రొపెల్లర్ లేకుండానే ఈఎస్‌సీకి థ్రాటిల్ రేంజ్ నేర్పండి, తిరిగే దిక్కు చూడండి, తప్పుగా తిరిగితే మూడు వైర్లలో ఏ రెండైనా మార్చండి. ఫెయిల్‌సేఫ్ పెట్టి, ట్రాన్స్‌మిటర్ ఆపేసి చూడండి, మోటార్ ఆగాలి. ట్రాన్స్‌మిటర్‌లో థ్రాటిల్ కట్ స్విచ్ ఒకటి కేటాయించండి. ఈఎస్‌సీలో బ్యాటరీ తగ్గినప్పుడు టక్కున ఆపే సెట్టింగ్ వద్దు, పవర్ మెల్లగా తగ్గించేది ఎంచుకోండి.

బ్యాటరీ గురించి. హైదరాబాద్ మే నెల ఎండకు మూసిన కారులో ఈ లైపో బ్యాటరీ వదలకండి. ఎగరేసి వచ్చాక వేడిగా ఉంటే చల్లారాకే చార్జ్, 1సీ దగ్గర, అంటే 4000కు 4 ఆంప్స్. సెల్ 4.2 వోల్టులు నిండు, దింపాక ఆగి చూస్తే 3.7కు తగ్గకుండా టైమర్ పెట్టుకోండి. వారం ఎగరేయకపోతే 3.8 దగ్గర స్టోరేజ్‌లో పెట్టండి, నిండుగా ఉంచితే ఎండాకాలంలో ఉబ్బుతాయి. ఎక్స్‌టీ60 కనెక్టర్లు, 12 గేజ్ సిలికాన్ వైరు కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి, వైరు చేత్తో వంచి చూసి కొనండి, గట్టిగా ఉంటే అది సిలికాన్ కాదు.

ఘట్‌కేసర్_గాలి

ఎక్కడ ఎగరేస్తావో ముందే ఆలోచించు తమ్ముడూ, సైనిక్‌పురి అంటే హకీంపేట ఎయిర్‌ఫోర్స్ స్టేషన్ పక్కనే. ఇంటి దగ్గరి గ్రౌండ్‌లో చిన్న టెస్ట్ కూడా వద్దు. మన ఊరికి అటు దుండిగల్ అకాడమీ, ఇటు హకీంపేట, మధ్యలో బేగంపేట, దక్షిణాన శంషాబాద్. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం ముందస్తు అనుమతి అక్కర్లేని గ్రీన్ జోన్‌లో 120 మీటర్ల ఎత్తు వరకు, విమానాశ్రయం హద్దు నుంచి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య అయితే 60 మీటర్ల వరకే. ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్‌లో ఆ చోటు రంగు చూసుకునే బయలుదేరు. మ్యాప్ ఆకుపచ్చగా ఉన్నా స్థానిక పోలీస్ స్టేషన్‌లో ఒక మాట చెప్పి ఎగరేస్తే టెన్షన్ ఉండదు.

ఓఆర్ఆర్ దాటాక ఇళ్లు రాని వెంచర్లలో సిమెంట్ రోడ్డు రన్‌వేలా బాగుంటుంది, ఓనర్‌ను అడిగి వెళ్లు. కానీ హద్దు రాళ్లు గడ్డిలో కనిపించవు, రోడ్డు పక్కన కరెంటు తీగలు కొత్తగా లాగి ఉంటారు, ముందు నడిచి చూడు. సంక్రాంతి వారం అసలు వద్దు, తెగిన మాంజా గాల్లో వేలాడుతూ ఉంటుంది, ఇంత నెమ్మదైన విమానానికి చుట్టుకుంటే ప్రొపెల్లర్ ఆగిపోతుంది.

కొత్త_రెక్కలు

నా దగ్గర 3ఎస్ 5000 రెండున్నాయి, ఇలాంటి విమానానికే. అవి వాడొచ్చా అక్కా?

వాట్‌మీటర్_వాణి

వాడొచ్చు. శక్తి దాదాపు సమానం, 55 వాట్ అవర్స్, 4ఎస్ 4000లో 59. కేవీ 900కు దగ్గర తీసుకో, లేకపోతే 700 కేవీకే 13 అంగుళాల ప్రొపెల్లర్ వేసి చూడొచ్చు, నేలకు ఎడం ఉంటే. 900 కేవీతో అయితే కరెంటు 30 ఆంప్స్ దాటుతుంది, వైరు, కనెక్టర్ సోల్డరింగ్ ఇంకా శ్రద్ధగా చెయ్యాలి.

సైనిక్‌పురి_శ్రీను

అప్‌డేట్. 700 కేవీ మోటార్, 12x6 ప్రొపెల్లర్, విమానాన్ని బల్లకు కట్టి వాట్‌మీటర్ పెట్టి తిప్పాను. 14.1 వోల్టులు, 22 ఆంప్స్, 310 వాట్లు. చుట్లు 7,400. వాణి గారి లెక్కకు అంత దగ్గరగా రావడం చూసి ఆశ్చర్యపోయాను. బరువు 2.61 కిలోలు, సీసం ఒక్క గ్రాము కూడా పెట్టలేదు.

ఆదివారం పొద్దున ఘట్‌కేసర్ అన్న చూపించిన చోట ఎగరేశాం. సగం థ్రాటిల్ కంటే కొంచెం పైనే లేచింది, తర్వాత ఎక్కువసేపు సగం లోపే. 12 నిమిషాల తర్వాత దింపితే చార్జర్ 2,100 ఎంఏహెచ్ ఎక్కించింది, అంటే సగటున పదిన్నర ఆంప్స్. మామయ్య కూడా వచ్చారు, కంట్రోలర్ ఆయన చేతికిస్తే మళ్లీ దించేదాకా ఇవ్వలేదు. ఆ నెమ్మది అలాగే ఉంది. ల్యాండింగ్‌లో ఒక తేడా గమనించాను, నైట్రో ఐడిల్‌లో కూడా కొంచెం లాగేదట, ఇది థ్రాటిల్ పూర్తిగా తీస్తే అనుకున్నదానికంటే ముందే కిందికి వస్తుంది, అందుకే చివరి వరకు కొద్దిగా థ్రాటిల్ ఉంచి దించారు మామయ్య.

ఒక్క సమస్య మిగిలింది. సగం థ్రాటిల్‌లో స్టిక్ వదిలినా సమంగా ఎగిరేలా ట్రిమ్ చేసి ఫుల్ ఇస్తే ముక్కు బాగా పైకి లేస్తోంది.

టర్బో_తేజ

310 వాట్లతోనా! నేను వచ్చే నెల కట్టబోయే దానికి కూడా ఇదే లెక్క వేస్తా. ఆ ముక్కు లేవడం డౌన్ థ్రస్ట్ (మోటార్ కిందికి వాలిన కోణం) సరిపోకనేనా బాబాయ్?

బాల్సా_బాబాయ్

కావచ్చు, కానీ అది ముట్టుకునే ముందు ఇంకోటి చూడాలి. ముక్కు బరువుగా ఉండి, దాన్ని తోక మీది ఎలివేటర్ అప్ ట్రిమ్‌తో సరిపెడితే, వేగం పెరగ్గానే ముక్కు లేస్తుంది. అది మోటార్ కోణం తప్పు కాదు. కాబట్టి ఎత్తులో మోటార్ ఆపి, ముప్పై డిగ్రీలు కిందికి వంచి స్టిక్ వదులు. దానంతటదే గట్టిగా పైకి లేస్తే బరువు ముందుకు ఎక్కువైంది, బ్యాటరీ ఒక సెంటీమీటరు వెనక్కి జరుపు. మెల్లగా, నిదానంగా లేస్తే బరువు సరిగ్గానే ఉంది, అప్పుడు కోణం మార్చు. శ్రీనూ, నీ ఎలివేటర్ ఇప్పుడు ఎటు ట్రిమ్ అయి ఉంది?

సైనిక్‌పురి_శ్రీను

దాదాపు మధ్యలోనే ఉంది బాబాయ్. మోటార్ ఆపి వంచితే చాలా మెల్లగానే లేచింది, సాయంత్రం మళ్లీ వెళ్లి రెండు వైపులా గాలిలో చూశాను.

రాణిగంజ్_రఫీ

అయితే కోణమే. పలకకూ పై రెండు స్పేసర్లకూ మధ్య ఒక్కో వాషర్ పెట్టు. పై బోల్టుకూ కింది బోల్టుకూ మధ్య ఎంత దూరముంది? 50 మిల్లీమీటర్లు అయితే 1 మిల్లీమీటరు వాషర్‌కు ఒక డిగ్రీ కంటే కొంచెం ఎక్కువ వాలుతుంది. ఒకటి పెట్టి ఎగరేసి చూడు, చాలకపోతేనే రెండోది. విప్పిన బోల్టులకు థ్రెడ్ లాకర్ కొత్తగా వెయ్యి, పాతది మళ్లీ పట్టదు.